మూడు పూటలు పిండి చూసిన షేరు

ఆళ్లగడ్డ బస్టాండు

"నా దుడ్లు, నా ఇష్టం!" అన్నాడు ఓబులేసు.

"నీ దుడ్లే, కాదన్నదెవరు? అవి పోయినాక కూర్చుని ఏడ్చేది మాత్రం నా వాకిట్లో," అన్నాను.

"పోవక్కా. కోళ్ళకొచ్చే జ్వరం మనుషులకు అంటుకునే కాలం వస్తాంది. ఇప్పటికే యాడో ఒక దేశంలో కొందరికి అంటుకుందంట. అప్పుడు లోకమంతా సూదుల కోసం ఎగబడతాది. ఆ సూదిమందు తయారుచేస్తాండే కంపెనీలో ఇప్పుడే వాటా కొని పెట్టుకుంటే..."

"ఎప్పుడొస్తాది ఆ జబ్బు?"

"ఎప్పుడని ఎట్ల చెప్తారు? వచ్చేదైతే ఖాయం."

"మీ బస్సు మాదిరి."

పక్కన కూర్చున్న ఇద్దరు ఆడోళ్ళు నవ్వినారు. ఓబులేసుకు రోషమొచ్చింది. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాడు. వాణ్ణి ఏమన్నా పడతాడు గానీ బస్సునంటే పడడు. లేచిపోయి అటు గోడ పక్కన మొగం తిప్పుకొని నిలబడినాడు. బస్సు రాగానే మాత్రం అందరికంటే ముందు ఎక్కి, నాకు కిటికీ పక్కన సీటుకు టవల్ వేసినాడు. తమ్ముడు గదా.

నేను చదివింది నాలుగో తరగతి వరకే. అయినా ఇది ఎందుకు రాస్తాండానంటే, మా వీధిలో ఆడోళ్ళు "షేర్ల ఆఫీసుకు పోయొచ్చినావంట, ఎట్లుంటాదో చెప్పవ్వా" అని వాకిట్లో నిలబడి ఒకరి తర్వాత ఒకరు అడుగుతాండారు. అందరికీ చెప్తా కూర్చుంటే నా పొయ్యి మీద కూర మాడుతుంది. రాసిస్తే ఒకరి దగ్గర ఒకరు తీసుకొని చదువుకుంటారు.

సంగతి ఇది. ఓబులేసు రిటైరైనప్పుడు వచ్చిన దుడ్లు మొత్తం తీసి ఆ ఒక్క సూదిమందు కంపెనీలో పెట్టాలని పట్టుపట్టినాడు. కంపెనీ హైదరాబాదుది. పేరు రాయను, నాకెందుకు. వాడితో పాటు రిటైరైన ఇంకో కండక్టరు ఫోన్లో చెప్పినాడంట. మా మరదలు, వాని పెండ్లాం, చచ్చిపోయేముందు వాని చేత ఒట్టు వేయించుకుంది, అక్క సరే అనందే ఆ దుడ్లు ముట్టనని. ఆమె అట్ల చేసిందంటే కారణం ఈము పక్షులు. ఒకప్పుడు వాడు అవి పెంచితే కోటీశ్వరుడైపోతానని అప్పు తెచ్చి మరీ పెంచినాడు. వాటిని కొనేవాడు ఒక్కడూ రాలేదు. వాటిలో ఒకటి మా బీరువా తాళంచెవి మింగింది. అది బయటికొచ్చేదాకా దాని వెనక తిరిగింది నేనే. కాబట్టి మళ్ళీ కోళ్ళు, పక్షులు, జ్వరాలు అని వాడు మొదలుపెట్టగానే నాకు ఒళ్ళు మండింది.

అయినా చూడకుండా కాదనడం నా పద్ధతి కాదు. మాలో బర్రెను కొనాలంటే అమ్మేవాని ఇంటికి పోయి, మూడు పూటలు మన చేత్తో పాలు పిండి చూస్తాం. ఆ తర్వాతే బయానా. మొదటి పూట పాలు నమ్మకూడదు. ముందు పూట పిండకుండా ఆపి, పొదుగు నింపి చూపిస్తారు. రెండో పూట అసలు సంగతి తెలుస్తుంది. తన్నే గుణముంటే మూడో పూటకు బయటపడుతుంది.

"షేరును కూడా మూడు పూటలు చూసి, బాగుంటే సరే అంటా," అన్నాను.

వాడు తల పట్టుకున్నాడు. "షేరుకు పొదుగుండదక్కా!"

"పొదుగు లేనిదాన్ని నమ్మి కొంటాండావా?"

అట్ల నంద్యాల షేర్ల ఆఫీసుకు బయలుదేరినాం. ఎదురింట్లో విగ్రహాలు చెక్కే మద్దయ్య ఉలి ఆపి, "మహానంది దాకా పోతే నాకో అరటి గెల తేవ్వా," అన్నాడు. గెల అన్నాడు గానీ దుడ్లు ఇవ్వలేదు.

శిరివెళ్ల దాటేదాకా

ఆడోళ్ళకు ఇప్పుడు బస్సు ఊరికే. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఓబులేసు మాత్రం దుడ్లు పెట్టి టికెట్టు కొని, అది సరిగ్గా కొట్టినారా లేదా అని వెనకా ముందూ తిప్పి చూసినాడు.

మా ముందు సీట్లో ఒకామె సంచిలో రెండు నాటుకోళ్ళు పెట్టుకొని కూర్చుంది. తలలు మాత్రం బయటికి. ఓబులేసు వాటినే చూస్తాండాడు. చూసి చూసి, "ఏమ్మా, కోళ్ళు కొంచెం తూగుతాండట్టుండాయే?" అన్నాడు.

"తూగకుండా? పొద్దున నాలుగింటికి లేపినా."

"ముక్కుల్లో నీళ్ళు గీళ్ళు కారుతాండాయా?"

"ఏందప్పా, నా కోళ్ళకు రోగమంటావా? బిడ్డింటికి తీసుకపోతాండా! నీ ముక్కు తుడుచుకో పో!"

అంతలో వెనక సీట్లో ఎవరో ముసలాయన గట్టిగా తుమ్మినాడు. ఓబులేసు మొగం వెలిగిపోయింది. సీటు మీద నుంచి పూర్తిగా వెనక్కి తిరిగి, "జ్వరముందా అన్నా? ఒళ్ళు నొప్పులు? మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?" అని అడిగినాడు. ఆ ముసలాయన పాపం, ఇంత ప్రేమగా అడిగినవాళ్ళు లేరేమో, కండ్లలో నీళ్ళు పెట్టుకున్నాడు. "లేదు నాయనా, పొగాకు," అన్నాడు.

ఓబులేసు నిరాశగా ముందుకు తిరిగినాడు.

నంద్యాల, మేడ మీద ఆఫీసు

దిగగానే ఉగ్గాని తిన్నాం. మనింట్లో బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిగడ్డ, పుట్నాల పొడి వేసి చేస్తే నలుగురికి సరిపోయే ఖర్చును ఈడ ఒక్క ప్లేటుకు తీసుకుంటారు. బజ్జీ వేరే. రుచి బాగుంది, అది ఒప్పుకోవాల. కానీ బజ్జీలో మిరపకాయకు గింజలు తీయలేదు. తీయమని చెప్పొచ్చినాను.

షేర్ల ఆఫీసంటే నేను బ్యాంకు మాదిరి ఇనప కటకటాలు ఉంటాయనుకున్నా. అట్ల కాదు. ఒక బట్టల అంగడి పైన చిన్న గది. గోడకు టీవీలు. వాటిలో ధర పెరిగితే పచ్చ అంకెలు, తగ్గితే ఎర్ర అంకెలు పరిగెత్తుతా ఉంటాయి. కింద కుర్చీల్లో ఐదారు మంది మొగోళ్ళు నోరు తెరుచుకొని అవే చూస్తాండారు. పెండ్లిలో అక్షింతల కోసం చూసినట్టు. ఎవ్వరూ ఎవ్వరితో మాట్లాడరు. చెప్పులు బయట విడవమన్నారు. నేను నావి సంచిలో వేసుకొని లోపలికి తెచ్చుకున్నా.

అక్కడ పనిచేసే పిల్ల పేరు షబానా. సొంతూరు బండి ఆత్మకూరు. ఓబులేసు కంపెనీ పేరు చెప్పగానే ఫోన్లో బొమ్మలు చూపించి నాకు వివరంగా చెప్పింది. వాళ్ళు కోడిగుడ్డుకు చిన్న బొక్క పెట్టి రోగాన్ని లోపలికి ఎక్కిస్తారంట. అది గుడ్డులో పెరుగుతుందంట. తర్వాత దాన్ని బయటికి తీసి, చంపి, శుభ్రం చేసి, సూదిమందు చేస్తారు. మనం గుడ్డులో పిల్లను పొదిగిస్తాం, వాళ్ళు రోగాన్ని పొదిగిస్తారు. అంతే తేడా.

"మళ్ళ ఆ గుడ్లు ఏం చేస్తారు?" అన్నాను.

"పారేస్తారవ్వా."

"అన్నీనా?"

"అన్నీ. లక్షల గుడ్లు పడతాయి."

ఓబులేసు దుడ్ల కంటే ఆ గుడ్లే నన్ను ఎక్కువ బాధపెట్టినాయి.

"సరే గానీ పాపా, కరోనాకు నాకు మూడు సూదులు ఊరికే వేసినారు. ఊరికే వేసేదానికి లాభం యాడిది?"

"మీకు ఊరికేనవ్వా. గవర్నమెంటు కంపెనీకి దుడ్లిచ్చి కొంటాది, జబ్బు వచ్చినప్పుడు."

"రాకపోతే?"

ఆ పిల్ల నోరు తెరిచేలోగా ఫోను మోగింది, లేచిపోయింది. ఆ ప్రశ్న అట్లనే ఉండిపోయింది.

తిరిగొచ్చినాక నా మూడు పూటల పద్ధతి చెప్పినాను. నవ్వుతాదనుకున్నా. నవ్వలేదు. "మా నాన్నమ్మ కూడా అంతేనవ్వా, మా ఇంట్లో నాలుగు బర్రెలు," అంది. ఓబులేసు ఫోన్లో కంపెనీ పేరును ఒక పక్కన పెట్టించింది. కొనకుండానే ధర చూస్తా ఉండొచ్చంట. ఈ సాయంత్రం ఒక పూట, రేపు పొద్దున ఒక పూట, రేపు సాయంత్రం ఒక పూట.

ఒకవేళ కొంటే ఆఫీసుకు కమీషనని ఎంతో కొంత ఇవ్వాలంట. అది తగ్గించమని బేరమాడినాను. బర్రెల సంతలో బేరం నోటితో చెప్పరు. టవల్ కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకొని చెప్తారు, పక్కనోడికి ధర తెలియకుండా. నేను ఓబులేసు టవల్ తీసి ఆ పిల్ల చేతి మీద కప్పి, వేళ్ళు పట్టుకున్నా. టీవీలు చూస్తాండే మొగోళ్ళంతా మొదటిసారి తలలు తిప్పి మమ్మల్ని చూసినారు. షబానా కిసుక్కున నవ్వి, ఒక వేలు మడిచింది. అంటే కొంచెం తగ్గించినట్టే.

సాయంత్రం షేర్ల అమ్మకాలు ఆగే వేళకు ధర పచ్చగా ఉంది. ఓబులేసు నేల మీద లేడు. "చూసినావా అక్కా, ఇప్పటికే కొని ఉంటే!" అని, రాని లాభంతో నాకు బిరియానీ తినిపించినాడు. బిరియానీకి ఇచ్చిన దుడ్లు మాత్రం నిజమైనవి.

"మొదటి పూట నమ్మగూడదు," అని నేను ముక్క కొరికినా.

మహానంది

రెండో పూట ధర తెల్లారినాకే గదా, రాత్రికి దేవుని దగ్గర ఉందామని పొద్దుపోయే వేళకు మహానంది చేరినాం. దారంతా అరటి తోటలే. సత్రంలో గదికి అడిగిన ధర విని వరండాలో పడుకున్నాం. గాలి ఊరికేనే వచ్చింది.

తెల్లవారుజామున స్నానం. ఆ నీళ్ళ గురించి పోనోళ్ళకు చెప్పాల. గొంతు దాకా దిగినా కాలి వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేటగా ఉంటాయి. చల్లగా ఉంటాయి గానీ కొరికే చలి కాదు. ఓబులేసు మూడు మునకలు చాలవని తొమ్మిది మునిగినాడు. తర్వాత దేవుని ముందు కండ్లు మూసుకొని ఎంతసేపు నిలబడినాడంటే, వెనక వరసలో వాళ్ళు "కదలండి, కదలండి" అని అరిచినారు. పెండ్లాం పోయినప్పటి నుంచి వాడు అంత భక్తిగా మొక్కింది నేను చూడలేదు. నాకే మనసు కరిగింది.

బయటికొచ్చి పూలమ్మే ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాం. అప్పటికి ధరలు మొదలయ్యే వేళైంది. ఓబులేసు ఫోను తీసినాడు. చూసినాడు. మొగం వాడిపోయింది. టవల్ నోటికడ్డం పెట్టుకున్నాడు.

"తగ్గిపోయిందంటక్కా," అన్నాడు.

"ఏంది?"

"ఆ దేశంలో కోళ్ళ జబ్బు. తగ్గిపోయిందని పొద్దున వార్తల్లో చెప్పినారంట. ధర పడిపోయింది."

పూలామె సగమే విన్నట్టుంది. మా ఇంట్లో ఎవరో పోయినారనుకొని, "ఊరుకో నాయనా, మన చేతిలో ఏముంది?" అని వాని భుజం తట్టి, ఒక మూర పూలు ఊరికే ఇచ్చింది. వాడు అవి పట్టుకొని ఇంకా దిగులుగా కూర్చున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది.

"రేయ్ ఓబులేసూ, ఇందాక లోపల ఏమని మొక్కినావ్?"

వాడు చేతిలో పూలను వాసన చూస్తా కూర్చున్నాడు.

"జబ్బు రావాలని మొక్కినావా?"

"రావాలని కాదక్కా... ఎట్లనూ వచ్చేదే గదా, కొంచెం బేగా వస్తే..."

"ఎవరికి రావాల? పేర్లు చెప్పు. నాకా? మద్దయ్యకా? ఈ పూలమ్మకా?"

"ఛ, మనోళ్ళకు కాదు. దూరంగా."

"దూరమంటే యాడ?"

వాడు నిజంగానే ఆలోచించినాడు. "శిరివెళ్ల అవతల," అన్నాడు.

నేను మెట్టు మీద నుంచి లేచినా. "పోయి ఆ మొక్కు రద్దు చేసుకొని రా."

"మళ్ళీ టికెట్టు కొనాలక్కా!"

అది నిజమే. అందుకని ఊరికే పోయే వరసలో నిలబెట్టినాను. దాన్లో చాలాసేపు పట్టింది. వాడు వచ్చేలోగా నేను మద్దయ్యకు అరటిపండ్లు బేరమాడినాను. గెల కాదు, గెలలో నుంచి కోసిన ఒక చెయ్యి. దుడ్లిచ్చింటే గెల తెచ్చేదాన్ని. ఓబులేసు తుమ్ముకుంటా బయటికొచ్చినాడు. తొమ్మిది మునకల ఫలం.

మళ్ళీ మేడ మీద

మూడో పూటకు నంద్యాల ఆఫీసులో ఉన్నాం. ధర పైకెక్కింది. పొద్దున పడిందంతా పూడ్చుకొని, నిన్నటి కంటే పైకి పోయింది. ఓబులేసు లేచి నిలబడినాడు.

"మూడు పూటలైంది. ఒక పూట తక్కువిచ్చింది, రెండు పూటలు నిండుగా ఇచ్చింది. తన్నలేదు. నీ పద్ధతి, నీ మాట. ఇప్పుడు సరే అను."

పెట్టిన పరీక్ష నేను పెట్టిందే. మాట తప్పే వంశం కాదు మాది. వాని దుడ్లు మొత్తం నా నాలుక చివర ఉన్నాయి. గోడ మీద టీవీలో అంకెలు ఇంకా పరిగెత్తుతాండాయి. మరదలు మొగం గుర్తొచ్చింది.

షబానా అదంతా వింటాంది. కొంచెం గొంతు తగ్గించి, "అవ్వా, ఒక మాట. మీరు పిండింది పాలు కాదు," అంది.

"మరి?"

"ధర. సంతలో నలుగురు పెద్దోళ్ళు ఒక పెయ్య చుట్టూ నిలబడి చూస్తాంటే దాని ధర పెరగదా? అట్ల పెరిగింది. పాలంటే సూదులమ్మి వచ్చే లాభం. ఈ కంపెనీ ఇంతవరకూ ఒక్క సూది కూడా అమ్మలేదు. మందు పరీక్షల్లోనే ఉంది. ఇది పాలిచ్చే బర్రె కాదవ్వా, చూడి పెయ్య. ఈనాల. దూడ బతకాల. ఆ తర్వాత గదా పాలు."

నేను నుదురు కొట్టుకున్నా. ఇన్నేళ్ళు బర్రెలతో బతికి, ఈనని పెయ్యను మూడు పూటలు పిండినా!

"నిన్న అడిగినా గదా పాపా, జబ్బు రాకపోతే ఏమైతాదని?"

"రాకపోతే వట్టిపోయిన బర్రెను మేపినట్టే. ఎన్నేండ్లో చెప్పలేం. వస్తే మాత్రం..."

లోపలి గదిలో నుంచి ఎవరో గట్టిగా దగ్గినారు. ఆ పిల్ల పైన ఉండే మేనేజరంట. ఎక్కువ మాట్లాడొద్దని ఆ దగ్గుకు అర్థం. షబానా టక్కున నోరు మూసుకుంది. ఓబులేసు మాత్రం ఆశగా ఆ తలుపు వైపు చూసినాడు.

ఇంటి దారి

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. నేను వేళ్ళ మీద లెక్క వేసుకుంటా వచ్చినాను.

"ఒక చూడి పెయ్య ధర ఎంతో అంత పెట్టు," అన్నాను చివరికి. "ఈనితే నీ అదృష్టం. చస్తే పాతిపెట్టొచ్చి అన్నం తింటాం. మిగతాది పోస్టాఫీసులో."

"ఒక పెయ్యకే? ఇంత దూరం పోయొచ్చి? ముప్పై ఏండ్లు నిలబడి సంపాదించినానక్కా!"

"అందుకే చెప్తాండా."

"జబ్బు వచ్చిందంటే అందరూ కోటీశ్వరులైతారు, నేను మాత్రం పోస్టాఫీసు ముందర నిలబడతా."

"జబ్బు వచ్చిందంటే నువ్వు నిలబడగలిగితే చాలు."

వాడు కిటికీ వైపు తిరిగినాడు. తుమ్మినాడు. మళ్ళీ తుమ్మినాడు.

"ఇంటికి పోయినాక మిరియాల కషాయం ఇస్తా," అన్నాను.

"బెల్లం వేస్తావా?"

"కషాయానికి బెల్లమేంది, పాయసమా? మా ఇంట్లో ఎప్పుడన్నా వేసినామా?"

శిరివెళ్ల వచ్చింది. వాడు ఉన్నట్టుండి టవల్ తీసి నా చేతి మీద కప్పినాడు. లోపల నా అరచేతిలో రెండు వేళ్ళు పెట్టినాడు. రెండు పెయ్యలు. నేను ఒక వేలు మడిచినాను. వాడు మళ్ళీ తెరిచినాడు. నేను మళ్ళీ మడిచి, గట్టిగా పట్టుకొని వదల్లేదు. కండక్టరు టికెట్ల కోసం వచ్చి, ఇద్దరు ముసలోళ్ళు టవల్ కింద చేతులు పెట్టుకొని కొట్లాడటం చూసి, ఏమీ అడక్కుండా పోయినాడు. ఊరి దీపాలు కనపడేటప్పటికి ఆ రెండో వేలు తనంతట తానే ముడుచుకుంది.

"సరే," అన్నాను నేను.

మరుసటి రోజు పొద్దున

ధరలు మొదలవగానే ఓబులేసు మా అరుగు మీద కూర్చుని, ఫోన్లో ఒక చూడి పెయ్య ధరకు ఎన్ని వాటాలొస్తే అన్ని కొన్నాడు. మిగతాదానికి పోస్టాఫీసు పాసుపుస్తకం నా ముందర పెట్టినాడు. జలుబు ఇంకా ఉంది. ఇద్దరం ఫోను మధ్యలో పెట్టుకొని చూస్తా కూర్చున్నాం. అంకె ఎర్రగానే ఉంది.

ఎదురింట్లో ఉలి చప్పుడు ఆగింది. మద్దయ్య దగ్గినాడు. మామూలు దగ్గు కాదు, లోపల్నుంచి వచ్చే దగ్గు. ఇంకోసారి దగ్గినాడు.

ఇద్దరం ఒకేసారి తలెత్తినాం. ఒకేసారి ఫోను వైపు చూసినాం. వాడొక్కడే కాదు, నేను కూడా చూసినాను.

ఓబులేసు నా మొగం చూసినాడు.

నేను లేచిపోయి పొయ్యి వెలిగించినాను. మిరియాలు దంచి రెండు గ్లాసుల కషాయం కాచినాను. ఒకటి వానికిచ్చి, రెండోది అరటిపండ్లతో పాటు మద్దయ్యకిచ్చి రమ్మని పంపినాను.

రెండు గ్లాసుల్లోనూ బెల్లం వేసినాను.